ఇంటికో మనిషి

ముందు కుర్చీ వచ్చింది.

నందిగామలో బెజవాడ రోడ్డు పక్కన జీవరత్నం షెడ్డు తలుపులు తీసి అరగంట కాలేదు, చందర్లపాడు బండి ఒకటి గుమ్మంలో ఆగింది. బండి దిగినవాడు పేము అల్లిన టేకు కుర్చీని నెత్తిన పెట్టుకుని లోపలికొచ్చాడు. విప్పిన ఆయిలింజన్ల మధ్య, గ్రీజు మరకల మధ్య దాన్నెక్కడ దింపాలో తెలీక అట్టాగే నిలబడ్డాడు.

"ఏందది?" అన్నాడు జీవరత్నం.

"కుర్చీ అండీ. మా కామందు జగన్నాథరావుగారు పంపారు. అబ్బాయిగారు కూచోడానికి."

"అబ్బాయిగారేరీ?"

"రారండీ. ఆయన బదులు నేనొచ్చా."

"ఆయన రానప్పుడు కుర్చీ ఎందుకూ?"

వచ్చినవాడు ఆ సంగతి అప్పుడే ఆలోచించినట్టు కళ్ళు పైకెత్తి కుర్చీ కాళ్ళకేసి చూశాడు. "ఎప్పుడన్నా పని చూడ్డానికొస్తే కూచుంటారేమోనండీ."

వాడి పేరు గోపయ్య. పెనుగంచిప్రోలు తిరపతమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టాడని ఆమె మొగుడి పేరు పెట్టారు. ముప్ఫై ఏళ్ళుంటాయి. జగన్నాథరావు దగ్గర పాలేరు. అరచేతులు ఎద్దుల పగ్గాలు లాగీ లాగీ చెప్పు అట్టల్లా అయిపోయినవి.

జీవరత్నానికి ఒళ్ళు మండింది. పది రోజుల నాడు ఇదే షెడ్డులో జరిగిన మాటలు వేరు.

ఆ రోజు జగన్నాథరావు, ఆయన కొడుకు భవానీప్రసాద్ ఇద్దరూ వచ్చారు. కుర్రాడు బెజవాడలో బియ్యెస్సీ ప్యాసయ్యాడు. ముక్త్యాల దగ్గర సున్నపురాయి బోలెడుందనీ, సిమెంటు తయారుచేసే చదువు చదివితే ఈ మెట్ట ప్రాంతం బాగుపడుతుందనీ వాడి ఆశ. పశ్చిమ జర్మనీలో ఒక విశ్వవిద్యాలయం సీటిస్తామని ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం వాడే చదివి, ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి తెలుగులో చెప్పాడు. అక్కడ నాలుగు నెలలు క్లాసులో కూచుంటే రెండు నెలలు ఫ్యాక్టరీలో పనిచెయ్యాలి. మళ్ళీ క్లాసు, మళ్ళీ ఫ్యాక్టరీ. చదువు అయ్యేదాకా అంతే. అసలు వాళ్ళ గడప తొక్కాలంటే ముందు మన దేశంలోనే ఏదో ఒక వర్క్‌షాపులో ఇరవైఆరు వారాలు సొంత చేతుల్తో పనిచేసి రావాలి. దానికో నల్లట్ట పుస్తకం కూడా పంపారు. వారానికో పేజీ. పైన పని చేసినవాడి పేరు, మధ్యలో చేసిన పని, దాని బొమ్మ, అడుగున నేర్పిన మేస్త్రీ సంతకం.

"వాళ్ళకి ఇంజనీర్లు కావాలా, కూలోళ్ళు కావాలా?" అన్నాడు జగన్నాథరావు.

"రెండూ ఒక్కడిలోనే కావాలంటున్నారు నాన్నా."

"మన ఇంట్లో మూడు తరాలుగా పార పట్టినవాడు లేడురా!"

"పార పట్టించనండీ, ఆకురాయి పట్టిస్తా," అన్నాడు జీవరత్నం. "ఎనిమిదింటికి రావాలి. ఖాకీ నిక్కరు. మొదటి వారం షెడ్డు ఊడవాలి. ఇనుము ఎక్కడ ఏది పడుందో చీపురు పట్టుకున్నవాడికే తెలుస్తుంది." కుర్రాడు తలూపాడు. కళ్ళల్లో వెలుగు కూడా కనబడింది. జీవరత్నానికి నచ్చాడు.

ఆ నచ్చినవాడి బదులు ఈ కుర్చీ.

"ఇదేమన్నా బాగుందా? నిన్నెవరు రమ్మన్నారు?"

"కామందుగారే అండీ," అన్నాడు గోపయ్య. "వానలకి ముందు బండ్లు పోయే డొంక బాగుచేసేటప్పుడు ఇంటికో మనిషి అంటారు గదా, మా ఇంటి నుంచి ఎప్పుడూ నేనే పోతా. వాగుకి గండి పడ్డా నేనే. ఇదీ అట్టాంటిదేనని చెప్పారు. ఇరవైఆరు వారాలు మనిషి కావాలంట గదా." చంకలోంచి గుడ్డలో చుట్టిన నల్లట్ట పుస్తకం తీసి ఇచ్చాడు. అట్ట మీద పేరు రాసే చోటు ఖాళీగా ఉంది. తన పేరు తను రాసుకునే తీరిక కూడా లేకపోయిందన్నమాట అబ్బాయిగారికి.

జీవరత్నం ఆ ఆదివారం చర్చి నుంచి ఇంటికి పోకుండా నేరుగా చందర్లపాడు బస్సెక్కాడు. జగన్నాథరావు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. అరుగు మీద ఇంకో రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. జీవరత్నం అరుగు కింద నిలబడే మాట్లాడాడు. ఆ ఊళ్ళో అతనెప్పుడూ అక్కడే నిలబడాలి, ఆదివారం చొక్కా తొడుక్కున్నా సరే.

"మనిషిని పంపానుగా, ఇంకేంటోయ్? గట్టివాణ్ణే పంపా. మావాడికంటే రెండింతలు చేస్తాడు."

"చెయ్యడం కాదండీ, నేర్చుకోవడం."

"ఎవడు నేర్చుకున్నా మా ఇంట్లోకేగా వచ్చేది!"

భవానీప్రసాద్ లోపలి నుంచి వచ్చి స్తంభం పక్కన నిలబడ్డాడు. జీవరత్నం వాడికేసి చూశాడు. వాడు నేలకేసి చూశాడు.

"బెజవాడలో జర్మన్ భాష నేర్చుకుంటున్నా మేస్త్రీ. చదవాల్సిన పుస్తకాలున్నాయి. చదువూ పనీ రెండూ ఒకేసారి ఎట్టా కుదురుతాయి?"

"రెండూ కుదుర్చుకోమనేగా వాళ్ళు రాసింది," అన్నాడు జీవరత్నం.

తిరుగు బస్సులో జీవరత్నం కిటికీ పక్కన కూచుని దారి పొడుగునా పళ్ళు నూరుకున్నాడు. అతని కోపానికి పాతికేళ్ళ వయసుంది. బెజవాడ రైల్వే షెడ్డులో పని నేర్చుకునే రోజుల్లో ఒక ఇనపదిమ్మని నాలుగు నెలలు ఆకురాయితో రుద్దాడు. ఆరు పక్కలూ ఆరు అద్దాల్లా వచ్చాయి. పెద్ద అధికారి చూడ్డానికొచ్చిన రోజున అది బల్ల మీదకెక్కింది, పని చేయించే చార్జిమన్ అల్లుడి పేరు రాసిన చీటీతో. అధికారి ఆ అల్లుడి భుజం తట్టాడు. జీవరత్నం వెనక వరసలో నిలబడి చూశాడు. తర్వాత పన్నెండేళ్ళు అక్కడే పనిచేశాడు గానీ ఆ దిమ్మ ఒంటి మీద గాయంలా గుర్తుండిపోయింది.

"పొమ్మను వాణ్ణి. కుర్చీతో సహా పంపెయ్," అంది ఇంటికి రాగానే అతని భార్య దేవమణి.

"పంపితే ఆయన ఇంకో మనిషిని పంపుతాడు. పనోళ్ళకి కరువా ఆయనకి?" చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. "మనిషిని పంపాడుగా. ఆ మనిషికే నేర్పుతా. ఏం చూస్తానో అదే రాస్తా."

సోమవారం గోపయ్య చీపురు పట్టాడు. రెండో వారం వైసుకి ఇనపముక్క బిగించి చేతికి ఆకురాయి ఇచ్చారు. వాడు ఒంట్లో ఉన్న బలమంతా దాని మీద పెట్టాడు. ముక్క నడుమ గూనిలా లేచి, అంచులు రెండూ గుండ్రంగా అరిగిపోయాయి.

"నాగలి మేడి కాదయ్యా అది, అదిమి నొక్కడానికి! ముందుకి పోయేటప్పుడు బరువు, వెనక్కొచ్చేటప్పుడు గాలి. ఎడం చెయ్యి ఊరికే దారి చూపిస్తుంది. కాళ్ళు చూడు, కాళ్ళు! నువ్వు రుద్దేది చేతుల్తో అనుకుంటున్నావా?"

"కాదాండీ?"

"నడుంతో."

గోపయ్య నవ్వాడు. "కోతా అంతేనండీ. కొత్తోళ్ళు చేత్తో కోస్తారు."

జీవరత్నం మర్నాటి నుంచి అరవడం తగ్గించి చెప్పడం మొదలుపెట్టాడు.

అయిదో వారానికి ముక్క మీద మూలమట్టం పెట్టి వెలుగుకెత్తి చూస్తే సందులోంచి వెలుతురు దూరలేదు. ఆకురాళ్ళకి పిడులు ఊడిపోయాయి, మంచి కలప కావాలనుకుంటుంటే దేవమణి వచ్చి, "ఆ కుర్చీలో నా కోడి గుడ్లు పెడుతోంది. ఎవరికోసం ఉంచావయ్యా దాన్ని?" అంది. ఏడో వారం పని అట్టా దొరికింది. గోపయ్య కుర్చీ కాళ్ళూ చేతులూ విప్పి, లేతు మిషను మీద పదకొండు పిడులు తీశాడు. పాత టేకు, నూనె పెట్టినట్టు మెరిశాయి.

ప్రతి శనివారం సాయంత్రం పుస్తకం తీసేవారు. మొదట్లో జీవరత్నమే తెలుగులో రాసేవాడు. పేరు దగ్గర గోపయ్య అని రాసి, చదివి వినిపించేవాడు. "మా కామందుగారు ఒప్పుకోరండీ," అన్నాడు గోపయ్య మొదటి శనివారం భయంగా. "ఆయన ఒప్పుకోడం కాదు, ఆకురాయి ఒప్పుకుంది," అన్నాడు జీవరత్నం. బొమ్మలు మాత్రం గోపయ్యే వేశాడు. గీత గీస్తే వంకర పోయేది కాదు. పై పేజీలో అక్షరాలు చూసి కింద పేజీలో దించుకుంటూ, పదిహేనో వారానికి తన పేరూ పనీ తనే రాసుకునేదాకా వచ్చాడు. పన్నెండు గుర్రాల బలమున్న ఇంజన్ని ఒంటరిగా విప్పి, బేరింగు మార్చి, మళ్ళీ కట్టి దడదడలాడించింది ఇరవైమూడో వారంలో.

ఇరవైఆరో శనివారం తండ్రీకొడుకులు వచ్చారు. భవానీప్రసాద్ కొత్త సూటుకి కొలతలిచ్చి వస్తున్నాడు, చొక్కా మెడ మీద దర్జీ సుద్దగీత ఇంకా ఉంది. జగన్నాథరావు నిలబడే చుట్టూ చూశాడు.

"మా కుర్చీ ఏదోయ్?"

"పుస్తకంలో ఉందండీ," అన్నాడు జీవరత్నం.

అది ఆయనకి అర్థం కాలేదు. పుస్తకం అందుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. రెండు పేజీలు తిప్పాడు. ఇంకో నాలుగు తిప్పాడు.

"పేరు తప్పు పడింది."

"ఏ పేరండీ?"

"ప్రతి కాయితం మీదా మా పాలేరు పేరుంది."

"ప్రతి వారం ఆయనే వచ్చాడండీ."

"ఆయనా? ఆయనేంటోయ్, ఆయన!" జగన్నాథరావు గొంతు షెడ్డు రేకులకి తగిలింది. ఆ మాట పేరు కంటే ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. "వాడి కూడు నాది, గుడ్డ నాది. వాడు చేసిన పని నాది కాదా? డొంక వేసినప్పుడు వీడు తట్ట మోస్తే పంచాయతీవాళ్ళు ఎవరి పేరు రాశారు? నా పేరు రాశారు!"

"డొంకకి మట్టి పడితే చాలండీ, ఎవరు పోసినా మట్టే. ఇది అట్టా కాదు. వేళ్ళల్లోకి పోతుంది. ఒకడి వేళ్ళల్లోంచి తీసి ఇంకొకడికి పెట్టడం నాకు చేతకాదు. రైల్వేలో మా చార్జిమన్‌కి చేతనయ్యేది."

"ఏడో వారం..." భవానీప్రసాద్ తండ్రి భుజం మీంచి చదువుతున్నాడు. "టేకు కుర్చీ విప్పి పిడులు, పదకొండు."

"ఏ కుర్చీ?" అన్నాడు జగన్నాథరావు.

జీవరత్నం బల్ల మీది ఆకురాయి ఒకటి తీసి పిడి ఆయనవైపు పెట్టి చాపాడు. "పట్టుకు చూడండి. చేతికి భలే కుదురుతుంది."

వెనకింట్లోంచి దేవమణి నవ్వు పకపకా వినబడింది. జగన్నాథరావు మొహం కందగడ్డయింది.

"నీ షెడ్డు ఎవరి ఇంజన్ల మీద బతుకుతోందో తెలుసా నీకు? చందర్లపాడు నుంచి ఒక్క ఇంజను నీ గుమ్మంలోకి రాదు. కంచికచర్లకీ చెబుతా. అన్నీ బెజవాడే పోతాయి."

"పోనివ్వండి."

"మేస్త్రీ," అన్నాడు భవానీప్రసాద్. "రెండు నెలల్లో ఓడ ఉంది. ఇది లేకపోతే సీటు పోతుంది. మిమ్మల్ని అబద్ధం చెప్పమని కాదు..."

"మరేం చెప్పమని?" ఇంతసేపూ తండ్రితో నింపాదిగా మాట్లాడినవాడు కొడుకు మీద విరుచుకుపడ్డాడు. "మీ నాన్నగారికి ఇంగ్లీషు రాదు బాబూ. ఆయనకి ఊరి డొంక తెలుసు, దాన్ని బట్టి ఏదో అనుకున్నాడు. ఉత్తరం చదివింది నువ్వు. సొంత చేతుల్తో అని ఉన్న చోట వేలు పెట్టి నాకు చూపించింది నువ్వు. ఇరవైఆరు వారాల్లో ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, బస్సు దిగి ఈ గుమ్మంలోకి తొంగి చూశావా? బెజవాడ పోయే ప్రతి బస్సూ ఈ షెడ్డు ముందు నుంచేగా పోయింది!"

భవానీప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. జగన్నాథరావు పుస్తకాన్ని బల్ల మీద విసిరేశాడు.

"ఒరే గోపయ్యా, ఆ పుస్తకం తీసి పొయ్యిలో పెట్టు."

గోపయ్య ఇంతసేపూ వైసు వెనక నిలబడున్నాడు. ముందుకొచ్చాడు. చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు, ముందు అరచేతులు, తర్వాత వేళ్ళ సందులు. పుస్తకం తీసుకున్నాడు. జీవరత్నం ఆపడానికి చాపబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎందుకంటే అది గోపయ్య పుస్తకం. కాల్చుకుంటే వద్దనే హక్కు తనకి లేదు.

"దాంట్లో నా పేరుందండీ," అన్నాడు గోపయ్య.

"ఉంటే?"

"కాల్చనండీ."

పుస్తకం పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. జగన్నాథరావు వాణ్ణి ఎగాదిగా చూసి, "మా గడప తొక్కావో కాళ్ళిరగ్గొడతా," అని బయటికి నడిచాడు. కొడుకు ఒకసారి వెనక్కి తిరిగాడు. తిరిగినవాడు ఆగలేదు.

అప్పుడు జీవరత్నం కలం తీసి, పుస్తకం అడిగి, ఇరవైఆరో పేజీ అడుగున సంతకం పెట్టాడు. దేవమణి వచ్చి ఇద్దరికీ అన్నం పెట్టింది.

జగ్గయ్యపేటలో రాధాకృష్ణమూర్తి అనే ఆయనకి నూనెమిల్లు ఉంది. జగన్నాథరావు వేరుశనగలన్నీ ఆ మిల్లుకే పోతాయి. అచ్చాఫీసులో అట్టాంటిదే నల్లట్ట పుస్తకం కుట్టించారు. ఆయనింట్లో భోజనానికీ కాఫీకీ మధ్య ఆ పుస్తకంలో ఇరవైఆరు వారాలు గడిచిపోయాయి. ఇరవైఆరు సంతకాలూ ఒకే సిరాతో, ఒకే చేతి విసుగుతో పడ్డాయి, మిల్లు ముద్ర సహా. భవానీప్రసాద్ ఓడెక్కాడు. అంతకుముందు ఊళ్ళో సన్మానం కూడా చేశారు. ఆ సభకి అరువు తెచ్చిన మైకు చెడిపోతే బాగుచెయ్యమని జీవరత్నం షెడ్డుకే పంపారు! వెనక్కి తిప్పి పంపాడు.

ఆ ఏడు గడవడం కష్టమైంది. చందర్లపాడు ఇంజన్లు నిజంగానే రాలేదు. మిరపతోటలకి తడి పెట్టే రోజులొచ్చాక, బెజవాడలో వారమేసి రోజులు ఎదురుచూడలేక, ఒకటీ రెండూ రావడం మొదలయ్యాయి. తెచ్చినవాళ్ళు జీవరత్నాన్ని పలకరించేవాళ్ళు కాదు. "గోపయ్య ఉన్నాడా?" అని అడిగేవాళ్ళు. జీవరత్నానికి కోపం రాలేదు. వచ్చినట్టు నటించేవాడు.

అబ్బాయిగారు ఓడెక్కిన ఎనిమిది నెలలకి నీలం రంగు ఎయిర్‌మెయిల్ ఉత్తరం వచ్చింది. గోపయ్యే విప్పాడు, కూడబలుక్కుంటూ తనే చదివాడు.

"మేస్త్రీ గారికి, భవానీప్రసాద్ నమస్కరించి రాయునది. క్లాసులో నాలుగు నెలలు అయినాయి. లెక్కల్లో మొదటివాణ్ణి. తర్వాత ఫ్యాక్టరీకి పంపారు. అక్కడి మేస్త్రీ ముసలాయన, ఒక వేలు లేదు. ఇనపముక్కా ఆకురాయీ ఇచ్చి పక్కన నిలబడ్డాడు. పది నిమిషాలు చూసి నా పుస్తకం తెరిచాడు. పుస్తకం మూసి, చేతికి చీపురిచ్చాడు. ఇరవైఆరు వారాలూ మళ్ళీ మొదటి నుంచి చెయ్యమన్నారు, చెయ్యకపోతే పరీక్షకి కూచోనివ్వరు. నా పక్కన చీపురు పట్టినవాడు మా ప్రొఫెసరుగారి కొడుకు. నాన్నగారికి దయచేసి ఇది తెలియనివ్వద్దు. ఒక్క సాయం కావాలి. ముక్క నడుమ ఎత్తుగా ఉండిపోయి అంచులు గుండ్రంగా పోతున్నాయి. ఆయన చెప్పే భాష నాకు ఇంకా సరిగా అందడం లేదు. ఆకురాయి ఎట్టా పట్టాలో గోపయ్యగారినడిగి..."

గోపయ్య అక్కడ ఆగాడు. "గారు అని రాశాడండీ," అన్నాడు.

"రాస్తాడు! చీపురు పట్టాక అందరికీ గార్లే!" జీవరత్నం సుత్తి బల్ల మీద పడేశాడు. "ఎంత సిగ్గు లేదు చూడు! సముద్రాలు దాటిపోయినా వాడి పని నువ్వే చెయ్యాలా? అక్కడికీ మనిషిని పంపమంటున్నాడు!"

గోపయ్య తెల్లకాయితం తీశాడు. పెన్సిలు చెక్కాడు. వైసు వేశాడు, వైసు ముందు ఒక మనిషిని వేశాడు. ఎడం కాలు ముందు, కుడి కాలు వెనక. పిడి మీద కుడిచెయ్యి, కొస మీద ఊరికే ఆనించిన ఎడంచెయ్యి. నడుం దగ్గర ముందుకో బాణం గీసి 'బరువు' అనీ, వెనక్కో బాణం గీసి 'గాలి' అనీ రాశాడు.

"వెయ్యమాక అంటుంటే!"

"బొమ్మేగా మేస్త్రీ. రుద్దేది ఆయనేగా."

జీవరత్నం వచ్చి భుజం మీంచి చూశాడు. తప్పు పట్టడానికి వెతికాడు. మడమ కొంచెం బయటికుండాలని వేలు పెట్టి చూపించాడు. గోపయ్య చెరిపి దిద్దాడు. తర్వాత కాయితం పైన 'మొదటి వారం' అనీ, పేరు దగ్గర భవానీప్రసాద్ అనీ రాసి, అడుగున అడ్డంగా గీత గీసి, దాని కింద 'నేర్పినవాడి సంతకం' అని రాశాడు.

"సంతకం పెట్టావా, చెయ్యి విరుస్తా!" అన్నాడు జీవరత్నం.

"ఎట్టా పెడతానండీ," అన్నాడు గోపయ్య కాయితం మడుస్తూ, "ముక్క చూడందే?"